మూడు నెలల జీతం ఎగ్గొట్టి, సంతకం పెట్టమంటున్నారు

గోదావరి జిల్లా నుంచి వెళ్ళి కౌలాలంపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటున్న పాఠకురాలి ఉత్తరం ఇది. ఆవిడ భర్త బ్రెజిల్ దేశస్థుడు, 31 ఏళ్ళు, ఫుట్‌బాల్‌లో స్ట్రైకర్. గోయాస్ రాష్ట్రంలోని చిన్న క్లబ్బుల్లో ఆడి, 24వ ఏట ఆసియాకు వచ్చారు. బంగ్లాదేశ్, వియత్నాం, థాయ్‌లాండ్ చుట్టి ఇప్పుడు మలేషియాలోని ఒక క్లబ్బులో ఉన్నారు. నెలకు 7,000 డాలర్లు, ఇల్లు, ఏడాదికి రెండు విమాన టికెట్లు ఇచ్చేలా రెండేళ్ళ ఒప్పందం. ఇంకా 11 నెలలు మిగిలి ఉంది.

మూడు నెలలుగా జీతం పడలేదు. అడిగినప్పుడల్లా టీమ్ మేనేజర్ నుంచి "వచ్చే వారం" అని వాట్సాప్‌లో జవాబు. ఈలోగా కొత్త స్ట్రైకర్ వచ్చాడు, ఈయన వేసుకునే 9వ నంబరు జెర్సీ అతనికి వెళ్ళింది. ఒక మంగళవారం రాత్రి పదకొండింటికి ఈయన్ని టీమ్ గ్రూపులోంచి తీసేశారు. మర్నాటి నుంచి ఉదయం ఏడింటికి ఒక్కరే వచ్చి ప్రాక్టీసు చేసుకోమన్నారు. ఇప్పుడు క్లబ్ ఒక కాగితం ముందు పెట్టింది: 14,000 డాలర్లు మూడు వాయిదాల్లో ఇస్తాం, ఇద్దరి ఇష్టంతో ఒప్పందం రద్దయినట్టు సంతకం చెయ్యి. థాయ్‌లాండ్ రెండో డివిజన్ క్లబ్ ఒకటి పది నెలలకు నెలకు 4,500 ఇస్తానంటోంది. అక్కడ కొత్త ఆటగాళ్ళను నమోదు చేసుకునే గడువు (విండో) మూసేందుకు 26 రోజులే ఉంది. ఏజెంట్ "వెంటనే సంతకం పెట్టెయ్" అంటూ కొత్త ఒప్పందం మీద 10 శాతం కమీషన్ అడుగుతున్నాడు. ఇంకొకాయన పౌరసత్వం ఇప్పించి జాతీయ జట్టులో ఆడిస్తానంటున్నాడు. రాజమండ్రిలో నాన్నగారేమో పాపను తీసుకుని వచ్చేయండి, హైదరాబాద్‌లో కోచింగ్ పెట్టుకోవచ్చు అంటున్నారు.

"ఫిఫాకు వెళ్తే ఆసియాలో ఇంకెవరూ పిలవరని మావారి భయం. భయపడి దేనికో దానికి సంతకం పెట్టేస్తారని నా భయం. మ్యాచ్ బూట్లు నెల రోజులుగా సంచిలోంచి బయటికి రాలేదు. పాపకు ఎనిమిది నెలలు. ఏం చెయ్యమంటారు?" అని ముగించారు.

విండో గడువు దగ్గర పడుతోంది కాబట్టి నోటీసు గురించిన భాగం మీకు ముందే పంపాం. ఇదే చిక్కులో ఉన్న ఇంకొందరికి పనికొస్తుందని జవాబు మొత్తం ఇక్కడ ఇస్తున్నాం.

మీ ఉత్తరంలో నాలుగు విషయాలు కలిసిపోయాయి: రావలసిన జీతం, ఒప్పందంలోంచి బయటపడడం, తర్వాతి క్లబ్, ఆట అయ్యాక బతుకు. ఏజెంటూ క్లబ్బూ వీటన్నిటినీ ఒక్క సంతకంలో ముడేస్తున్నారు. అందుకే మీకు ఊపిరాడడం లేదు. విడదీసి చూస్తే ఒక్కోదానికీ దారి ఉంది.

ముందు డబ్బు లెక్క. బకాయి 21,000. మిగిలిన 11 నెలల జీతం 77,000. కలిపి 98,000 డాలర్ల హక్కును 14,000కు వదులుకోమంటున్నారు, అదీ వాయిదాల్లో. ఇన్నాళ్ళూ జీతమే ఇవ్వని వాళ్ళు వాయిదాలు వేళకు ఇస్తారని నమ్మడానికి ఆధారం ఏముంది?

విదేశీ ఆటగాడికీ క్లబ్బుకూ మధ్య తగువు కాబట్టి ఇది ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా పరిధిలోకి వస్తుంది. ఆటగాళ్ళ బదిలీ నిబంధనల్లో 14 బిస్ అనే ఆర్టికల్ ఉంది. కనీసం రెండు నెలల జీతం గడువుకు ఇవ్వకపోతే, ఆటగాడు రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి కనీసం 15 రోజుల గడువు పెట్టాలి. అప్పటికీ పూర్తిగా కట్టకపోతే సరైన కారణంతో ఒప్పందం రద్దు చేసుకోవచ్చు. మీవారికి మూడు నెలల బకాయి ఉంది, కాబట్టి పునాది గట్టిదే. అయితే ఒప్పందంలో వివాదాల క్లాజు ఒకసారి చదవండి. దేశీయ ట్రిబ్యునల్‌కే వెళ్ళాలని స్పష్టంగా రాసి ఉంటే దారి మారవచ్చు, ఆ పేజీని లాయరుకు చూపించండి.

నోటీసు ఇంగ్లీషులో ఒక పేజీ చాలు. ఏయే నెలల జీతం, ఒక్కోటి ఏ తేదీకి రావాలి, ఒప్పందంలో ఏ క్లాజు ప్రకారం, మొత్తం ఎంత, ఏ బ్యాంకు ఖాతాలో వెయ్యాలి, 15 రోజుల్లో పూర్తిగా కట్టకపోతే 14 బిస్ కింద రద్దు చేసుకునే హక్కు తనకుంది అన్నవి ఉండాలి. సంతకం మీవారిదే ఉండాలి. ఏజెంట్ సంతకం వద్దు. ఒప్పందంలో ఉన్న చిరునామాకు కొరియర్, క్లబ్ అధికారిక ఈమెయిల్‌కు పీడీఎఫ్, మలేషియా ఫుట్‌బాల్ సంఘానికి ఒక ప్రతి పంపండి. మేనేజర్‌కు వాట్సాప్‌లో పంపింది నోటీసు అనిపించుకోదు. క్లబ్బుకు అందిన మర్నాటి నుంచి లెక్కపెట్టి పదహారో రోజున రద్దు లేఖ పంపండి, ఒక్కరోజు కూడా ముందు వద్దు.

ఇక్కడ క్లబ్బులు తరచుగా వేసే ఎత్తు ఒకటుంది. పద్నాలుగో రోజున కొంత డబ్బు వేస్తారు. ఒక నెల జీతం వేస్తే ఇంకా రెండు నెలలు బాకీ కాబట్టి మీ హక్కు నిలుస్తుంది. రెండు నెలలు వేస్తే మిగిలేది ఒక్క నెల, అప్పుడు రద్దు చేసుకుంటే తప్పు మీవారి మీదికి తిరగవచ్చు. అందుకని రద్దు లేఖ పంపే రోజు పొద్దున బ్యాంకు ఖాతా తెరిచి చూసి, ఆ స్టేట్‌మెంట్ దాచుకుని, ఆ తర్వాతే పంపాలి. ఈ లోపు నాలుగో నెల జీతం గడువు దాటితే దాన్ని కూడా కలిపి మరో మెయిల్ పెట్టండి.

ఈ పదిహేను రోజులూ మీవారు ప్రాక్టీసుకు వెళ్తూనే ఉండాలి. ఒంటరిగా ఏడింటికి రమ్మన్నా సరే. అలిగి మానేసిన రోజున, లేదా టికెట్ కొనుక్కుని బ్రెజిల్ వెళ్ళిపోయిన రోజున, "ఒప్పందం వదిలి పారిపోయాడు" అని క్లబ్ కేసు తిప్పేస్తుంది. బలమైన కేసులు చెడిపోయేది చాలాసార్లు ఇక్కడే. గేటు దగ్గర టైము కనిపించేలా రోజూ ఒక ఫోటో తీసుకోమనండి. గ్రూపులోంచి తీసేసిన స్క్రీన్‌షాట్, "వచ్చే వారం" మెసేజ్‌లు, మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ ఒకే ఫోల్డర్‌లో పెట్టండి. లీగ్ ఆటగాళ్ళ జాబితాలో తన పేరు ఉందో తీసేశారో కూడా క్లబ్బును మెయిల్‌లో అడగాలి. కొత్త స్ట్రైకర్‌కు విదేశీ ఆటగాడి చోటు ఖాళీ చెయ్యడానికి పేరు తీసేసి ఉంటే అది కేసుకు ఇంకో బలం. ఒంటరి ప్రాక్టీసు ఒక్కదాన్నే కారణంగా చూపి రద్దు చేసుకోవద్దు. దానికి జీతం బకాయి ఉన్నంత పట్టు లేదు.

ఇరవై ఆరు రోజుల్లో పదహారు ఇలా పోతాయి. పది మిగులుతాయి. మెడికల్ పరీక్షకు, కాగితాలకు ఇరుకే అయినా సరిపోతుంది. థాయ్ క్లబ్బుతో మాటలు ఇప్పుడే నడపవచ్చు, ముసాయిదా తెప్పించుకోవచ్చు. కానీ రద్దు లేఖ పంపాకే అక్కడ సంతకం. ఈ రెండూ వెనకా ముందూ అయితే ఒకేసారి రెండు ఒప్పందాలున్నాయన్న నింద మీవారి మీద పడుతుంది.

రద్దయ్యాక ఫిఫా వివాద పరిష్కార మండలికి ఆన్‌లైన్ లీగల్ పోర్టల్ ద్వారా ఫిర్యాదు చెయ్యాలి. ఆటగాడికి ఫీజు లేదు. ఇంగ్లీషు, ఫ్రెంచి, స్పానిష్ భాషల్లో దేనిలోనైనా రాయవచ్చు, పోర్చుగీసు కాగితాలుంటే అనువాదం జతచెయ్యాలి. గడువు రెండేళ్ళు. అంటే కేసు వెయ్యడానికి కౌలాలంపూర్‌లోనే కూర్చోనక్కర్లేదు, థాయ్‌లాండ్‌లో ఆడుకుంటూ అక్కణ్ణుంచే వెయ్యవచ్చు. పరిహారం లెక్కలో కొత్త క్లబ్బులో సంపాదించేది తగ్గిస్తారు. 77,000లోంచి పది నెలల థాయ్ జీతం 45,000 తీసేస్తే 32,000. దానికి బకాయి 21,000, ఆలస్యానికి వడ్డీ. స్థూలంగా 53,000 అడిగే కేసు ఇది, అదనపు పరిహారం కూడా కోరవచ్చు. తీర్పు అందాక 45 రోజుల్లో కట్టకపోతే కొత్త ఆటగాళ్ళను నమోదు చేసుకోకుండా క్లబ్ మీద మూడు విండోల వరకూ నిషేధం పడుతుంది. డబ్బు లేదన్న క్లబ్బులు కూడా ఈ నిషేధం తప్పించుకోవడానికే ఎక్కడో తెచ్చి కడతాయి. క్లబ్ మూతపడి కొత్త పేరుతో అదే జట్టు నడిస్తే, ఆ వారసుడి మీదికి కూడా బాకీ వెళ్తుంది.

దీని లోటూ చెప్పాలి. డబ్బు చేతికి రావడానికి నెలలు పడుతుంది, క్లబ్ అప్పీలుకు వెళ్తే ఇంకా ఎక్కువ. అంతవరకూ ఇల్లు మీ జీతం మీద, థాయ్ జీతం మీద నడవాలి. ఆ బరువు మొయ్యగలరా అన్నది మీ ఇద్దరూ కూర్చుని తేల్చుకోవలసిన ప్రశ్న.

మొయ్యలేమనుకుంటే క్లబ్ ఇచ్చిన కాగితం పూర్తిగా చెడ్డది కాదు, కానీ ఇప్పుడున్న రూపంలో చెడ్డది. మార్చమనండి. మొదటి వాయిదా సంతకం రోజునే ఖాతాలో పడాలి. ఒక్క వాయిదా తప్పినా బకాయి 21,000 మొత్తం వెంటనే చెల్లించాలి అన్న క్లాజు ఉండాలి. "ఇక ఏ బాకీ లేదు" అన్న వాక్యం చివరి వాయిదా అందాకే అమలు కావాలి. మొత్తాలు పన్ను పోగా చేతికొచ్చేవా, పన్నుతో కలిపా అన్నది రాయాలి. నోటీసు పంపాక ఈ బేరం ఆడితే 14,000 అంకె పెరిగే అవకాశం ఎక్కువ. ఒప్పందంలోనే ఉండి బకాయి కోసం మాత్రం ఫిఫాకు వెళ్ళే దారి కూడా ఉంది: 30 రోజులు దాటిన బకాయికి పది రోజుల నోటీసు ఇచ్చి వెళ్ళవచ్చు. కానీ 31 ఏళ్ళ స్ట్రైకర్ 11 నెలలు మ్యాచ్ లేకుండా గడిపితే తర్వాతి క్లబ్ వీడియో అడిగినప్పుడు చూపించడానికి ఏమీ ఉండదు. మాకు ఈ దారి నచ్చలేదు.

పేరు పాడవుతుందన్న భయం గురించి. అది వట్టి భ్రమ అని కొట్టిపారెయ్యం. మేనేజర్లు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు, ఫిఫా కొన్ని తీర్పులు తన సైట్‌లో పెడుతుంది, పేరు కనబడవచ్చు. కానీ జీతం కోసం కేసు వేసిన ఆటగాళ్ళు ఆసియా అంతటా ఉన్నారు, ఆడుతూనే ఉన్నారు. గోల్స్ కొట్టేవాణ్ణి క్లబ్బులు పిలుస్తాయి. వయసు సంగతికి బ్రెజిల్ స్ట్రైకర్ క్లైటన్ సిల్వాను చూడండి. థాయ్‌లాండ్‌లో ఏళ్ళ తరబడి వేర్వేరు క్లబ్బులకు ఆడి, ముప్ఫై మూడేళ్ళప్పుడు బెంగళూరు క్లబ్బుకు వచ్చి, 2024 జనవరిలో భువనేశ్వర్‌లో ఈస్ట్ బెంగాల్ సూపర్ కప్ గెలిచినప్పుడు 36 దాటిన కెప్టెన్ ఆయనే. అందరికీ అలా జరగదు, కానీ 31 అంటే ముగింపు కాదు. మలేషియాలో ఆటగాళ్ళ సంఘం పీఎఫ్ఏఎం ఉంది, ప్రపంచ ఆటగాళ్ళ సమాఖ్య ఫిఫ్‌ప్రోలో సభ్యురాలు. వాళ్ళు జీతాల గొడవలు బాగా ఎరిగినవాళ్ళు. నోటీసు పంపేముందు ఒకసారి వాళ్ళకు చూపించండి.

ఏజెంట్ తొందర ఎందుకో గమనించండి. పాత బకాయి వసూలైతే అతనికి వచ్చేది లేదు, కొత్త సంతకం మీదే కమీషన్. ఏడాదికి 2 లక్షల డాలర్ల లోపు సంపాదించే ఆటగాడి తరఫు ఏజెంట్‌కు 5 శాతం మించకూడదని ఫిఫా నిబంధన రాసింది. కోర్టు గొడవల వల్ల 2023 డిసెంబర్ చివర్లో ఆ పరిమితి అమలు ఆపింది. కాబట్టి 10 శాతం అడగడం నేరం అనలేం కానీ, 5 అన్న అంకెతో బేరమాడడానికి మీకు ఆధారం ఉంది. అతనికి ఫిఫా లైసెన్సు ఉందో లేదో ఫిఫా సైట్‌లో వెతికి చూడండి.

థాయ్ ఆఫర్‌లో చూడవలసినవి. ఫిఫా నమోదు నిషేధాల జాబితా బహిరంగంగా ఉంది, అందులో ఆ క్లబ్ పేరుందేమో మొదట చూడండి. ఉంటే ఎంత మంచి ఒప్పందమైనా ఆడనివ్వరు. 4,500 మొత్తం ఉద్యోగ ఒప్పందంలోనే ఉండాలి. 3,000 జీతం, 1,500 "ఇమేజ్ హక్కులు" (ఆటగాడి పేరు, ఫోటో వాడుకున్నందుకు) అని రెండో కాగితం ఇస్తే ఒప్పుకోవద్దు, ఎగ్గొట్టినప్పుడు ఆ రెండో కాగితం మీద ఫిఫా దగ్గర వసూలు చెయ్యడం కష్టమవుతుంది. మెడికల్ పాసైతేనే, వర్క్ పర్మిట్ వస్తేనే ఒప్పందం చెల్లుతుంది అన్న షరతు పెట్టకూడదని ఫిఫా నిబంధనే ఉంది. మెడికల్ ముందే అయిపోవాలి, సంతకం తర్వాత కాదు. మోకాలి లిగమెంటు తెగితే ఇంచుమించు తొమ్మిది నెలలు ఇంట్లోనే, అన్ని నెలలూ జీతం, ఆపరేషన్ ఖర్చు ఎవరిదో రాసి ఉండాలి. సంతకం చేసే కంపెనీ పేరు, సంఘంలో నమోదైన క్లబ్ పేరు ఒకటేనా అన్నదీ చూడండి.

పౌరసత్వం ఇప్పిస్తానన్న మనిషికి మాత్రం దూరంగా ఉండండి. పూర్వీకుల సంబంధం లేకుండా, 18 ఏళ్ళు నిండాక ఇంకో దేశానికి వెళ్ళిన ఆటగాడు ఆ దేశానికి ఆడాలంటే అక్కడ ఏకధాటిగా ఐదేళ్ళు నివసించాలి. బ్రెజిల్‌లో పుట్టిన రఫాయెల్‌సన్ ఏళ్ళ తరబడి వియత్నాంలోనే ఉండి, 2024లో పౌరుడై న్గుయెన్ సువాన్ సన్ పేరుతో ఆ ఏడాది ఆగ్నేయాసియా దేశాల ఆసియాన్ టోర్నీలో ఏడు గోల్స్ కొట్టారు. అది సరైన దారి. దొంగ కాగితాల దారి ఎటు పోతుందో మీరున్న దేశంలోనే తెలిసింది: పూర్వీకుల పత్రాలు నకిలీవని 2025 సెప్టెంబర్‌లో ఫిఫా ఏడుగురు ఆటగాళ్ళకు ఏడాది నిషేధం, మలేషియా సంఘానికి 3,50,000 స్విస్ ఫ్రాంకుల జరిమానా వేసింది. దేశాలు మారుతూ వచ్చిన మీవారికి ఏ ఒక్కచోటా ఐదేళ్ళు పూర్తి కాలేదు.

నాన్నగారి మాటలో ప్రేమ ఉంది, కానీ ఇప్పటికి అది రెండో అడుగు. 2021-22లో బ్రెజిలియన్ జువావ్ విక్టర్ కెప్టెన్‌గా ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో ఢిల్లీకి తరలిపోయింది. ఆటగాడిగా నగరంలో పెద్ద చోటు లేదు. కోచింగ్‌కు బ్రెజిల్‌లో ఆడానన్న పేరు ఒక్కటే సరిపోదు, లైసెన్సు కావాలి. రాబోయే రెండు సీజన్లలో ఆడుతూనే ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య వారి కోచింగ్ సి లైసెన్సు కోర్సు పూర్తి చేస్తే, హైదరాబాద్ వచ్చేనాటికి చేతిలో కాగితం ఉంటుంది. మీ పెళ్ళి రిజిస్టరై రెండేళ్ళు నిండి ఉంటే భారతీయురాలి భర్తగా ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డుకు దరఖాస్తు చెయ్యవచ్చు. అది ఉంటే ప్రతిసారీ వీసా కోసం తిరగక్కర్లేదు.

క్లబ్ ఒప్పందం పోతే దానితో వచ్చిన పాస్ (మలేషియాలో ఉండి పనిచేసే అనుమతి) కూడా పోతుంది. మీ పాస్ కేటగిరీ మీద ఆయన్ని డిపెండెంట్‌గా చేర్చగలరా అని మీ హెచ్ఆర్‌ను రద్దు లేఖకు ముందే అడగండి. మలేషియా వదిలేముందు ఉద్యోగి దేశం వదిలి వెళ్తున్నాడని తెలిపే సీపీ 21 ఫారం క్లబ్ పన్ను శాఖకు ఇవ్వాలి. అది చెయ్యలేదని ఎయిర్‌పోర్టులో తెలిసేకంటే ఇప్పుడే మెయిల్ పెట్టి అడగడం మేలు. ఏడాదిలో 182 రోజులు నిండకుండా వెళ్ళిపోతే నాన్ రెసిడెంట్‌గా 30 శాతం పన్ను పడే ప్రమాదం ఉంది, తేదీలు లెక్కపెట్టించుకోండి.

మీరు అడగని విషయం ఒకటి, పాప గురించి. విదేశంలో పుట్టిన బిడ్డకు భారత పౌరసత్వం కావాలంటే పుట్టిన ఏడాదిలోగా భారత హైకమిషన్‌లో నమోదు చేయించాలి. వేరే దేశం పాస్‌పోర్టు లేదని మీరిద్దరూ రాసివ్వాలి. బ్రెజిల్ ఎంబసీలో నమోదు చేయించి బ్రెజిల్ పాస్‌పోర్టు తీసుకుంటే ఆ దారి మూసుకుపోతుంది, అప్పుడు ఓసీఐ తీసుకోవాలి. ఏది మేలన్నది మీరు ఎక్కడ స్థిరపడతారన్న దాన్ని బట్టి ఉంటుంది. పాపకు ఎనిమిది నెలలు నిండాయి కాబట్టి నిర్ణయానికి నాలుగు నెలలే ఉంది. ఈ గొడవలో ఆ తేదీ దాటిపోకుండా హైకమిషన్ అపాయింట్‌మెంట్ ఈ వారమే తీసుకోండి.